చంటిపిల్లతో క్యాంపుల దాకా

చేబ్రోలు, తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె - మన వైపు ఏ ఊరికి వెళ్ళినా "మావాళ్ళు క్యాంపుల్లో ఉంటారండీ" అనే ఇల్లు ఒకటయినా కనిపిస్తుంది. కొత్తగా వినేవాళ్ళకి ఇదేదో మిలిటరీ క్యాంపేమో అనిపిస్తుంది. కాదండీ. కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలవ కింద గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి చుట్టుపక్కల మన కోస్తా జిల్లాల రైతులు వెళ్ళి కట్టుకున్న ఊళ్ళే ఈ క్యాంపులు. మొదట్లో పొలాల మధ్యే గుడిసెలూ డేరాలూ వేసుకుని ఉన్నారు కనుక ఆ పేరు పడిందని మావాళ్ళు చెప్తారు. ఇప్పుడు మేడలు లేచినా క్యాంపు అనే మాట మాత్రం పోలేదు.

మా మేనత్తగారు గంగావతి దగ్గర ఒక క్యాంపులో ఉంటారు. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో గడప దాటి పెద్దగా తిరగలేరు. మా అమ్మాయికి పుట్టిన పిల్లని ఫోనులో చూస్తూనే ఉన్నారు గానీ, "ఫోనులో చూస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టవుతుందా అమ్మాయ్? ఒక్కసారి తీసుకొచ్చి చూపించి పో" అని రెండు పండగల నుంచి అడుగుతున్నారు. మా అమ్మాయీ అల్లుడూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్ల నా దగ్గరే పెరుగుతోంది. కార్తీకం వెళ్ళగానే బయలుదేరాలనుకున్నాను. ఆ మాట చెప్పగానే ఇరుగూ పొరుగూ అంతా ఒకటే మాట - "ఇరవై నెలల చంటిదాన్ని వేసుకుని ఒంటరిగా అంత దూరమా!" అని. వెళ్ళాను, వచ్చాను. మీలో ఎవరికయినా ఇలాంటి ప్రయాణం తగిలితే పనికొస్తుందని రాస్తున్నాను.

బయలుదేరే ముందు

చంటిపిల్లల ప్రయాణంలో సగం గెలుపు సంచీ సర్దడంలోనే ఉంది. నేను రెండే సంచులు పెట్టుకున్నాను. ఒకటి బట్టలది, అది సీటు కింద ఉంటుంది. రెండోది చేతిసంచీ, అది ఎప్పుడూ పక్కనే. చేతిసంచీలో రెండు జతల బట్టలు, పాత కాటన్ చీర ముక్కలు ఆరు, తువ్వాలు, వేడినీళ్ళ ఫ్లాస్కు, గిన్నె, చెంచా, సబ్బు. మందుల డబ్బా విడిగా - డాక్టరుగారు పిల్ల బరువు చూసి రాసిచ్చిన జ్వరం మందు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, థర్మామీటరు. మందు ఎంత పొయ్యాలో కాగితం మీద రాసి సీసాకి అంటించాను. అర్ధరాత్రి కంగారులో లెక్కలు గుర్తుకు రావు కదండీ.

తిండికి అటుకుల పొడి చేసుకున్నాను. రెండు గ్లాసుల అటుకులు సన్నసెగ మీద కరకరలాడేదాకా వేయించి, అర గ్లాసు పుట్నాలపప్పూ రెండు యాలకులూ వేసి మెత్తగా పొడి కొట్టి డబ్బాలో పోసుకోవాలి. వేడినీళ్ళలో రెండు చెంచాల పొడి, కాస్త బెల్లప్పొడి కలిపితే నిమిషంలో జావ తయారు. పొయ్యి అక్కర్లేదు, పాలు విరుగుతాయన్న భయమూ లేదు. నా కోసం చింతపండు పులిహోర, అత్తయ్యగారి కోసం సున్నుండలు, గోంగూర పచ్చడి. క్యాంపులో గోంగూర లేదా అని అడగకండి, అక్కడ ప్రతి పెరట్లోనూ ఉంది. అయినా పుట్టింటి పచ్చడి వేరు!

రైల్లో ఒక రాత్రి

చేబ్రోలు నుంచి గుంటూరుకి బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కనుక ఆధార్ కార్డు చూపించి ఎక్కాను. గుంటూరులో రాత్రిపూట హుబ్బళ్ళి వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలి. అయిదేళ్ళ లోపు పిల్లలకి విడిగా బెర్తు అడగకపోతే రైల్లో టికెట్టు అక్కర్లేదు. బెర్తు ఒకటే గనుక కింది బెర్తు దొరికేలా ముందే రిజర్వేషను చేయించుకోండి. పిల్లని గోడవైపు పడుకోబెట్టి, ఇవతల నేను పడుకున్నాను.

నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం దాకా మాది ఆడుకుంటూనే ఉంది. ఎదుటి బెర్తులో బళ్ళారి వెళ్తున్న పెద్దాయన తాళంచెవుల గుత్తి ఇచ్చారు. ఆ గుత్తితో గంట గడిచింది. ఆడుకోవడానికి కొత్త బొమ్మలు కొననక్కర్లేదు. మూతపెట్టే డబ్బా, చెంచా, ఖాళీ అగ్గిపెట్టె చాలు. గిద్దలూరు దాటాక నల్లమల అడవి వస్తుంది. పగలయితే కొండలు, సొరంగం చూసి తీరాలిట. రాత్రి కనుక మాకు చీకటీ చలిగాలీ మాత్రమే తెలిశాయి. చలికాలం వెళ్ళేవాళ్ళు పిల్లల చెవులకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు మర్చిపోకండి. తెల్లవారేసరికి గుంతకల్లు, తర్వాత బళ్ళారి, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు, ఆపైన హోస్పేట. అక్కడ దిగాము.

మా అత్తయ్యగారు 1966లో ఇదే దారిన పదినెలల కొడుకుని చంకనేసుకుని వెళ్ళారు. అప్పుడది మీటరుగేజి లైను, బొగ్గింజను. కిటికీలోంచి బొగ్గు నలుసులు పిల్లాడి కంట్లో పడకుండా రాత్రంతా కొంగు కప్పుకుని కూర్చున్నారట. హోస్పేటలో దిగాక ఎడ్లబండి మీద మరో రోజు ప్రయాణం. నా ప్రయాణం గొప్పా అని నవ్వుతూ చెప్పారు ఈ మాట.

హోస్పేట నుంచి గంగావతి

స్టేషనుకి మా బావ, ఆయన భార్య (నాకు అక్క వరస) వచ్చారు. ఈమధ్య సంవత్సరాల్లో గంగావతికీ, ఆపైన సింధనూరుకీ రైలు పడింది గానీ, మా వేళకి కుదరక బస్సే ఎక్కాము. ఇక్కడొక తమాషా. కర్ణాటకలో 2023 జూన్ నుంచే ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఉంది, కాని ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకే. అక్కకి సున్నా టికెట్టు, నాకు మామూలు టికెట్టు! "చూశావా, నేను కన్నడమ్మాయిని" అని అక్క ఉడికించింది. ఆవిడది అసలు రేపల్లె.

కన్నడం రాదని బెంగపడనక్కర్లేదు. అక్షరాలు మన వాటికి దగ్గరగా ఉంటాయి, కాస్త నిదానంగా చూస్తే బస్సు బోర్డు చదివెయ్యవచ్చు. చంటిపిల్లతో వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు చాలు. బిసినీరు అంటే వేడినీళ్ళు, హాలు అంటే పాలు, మగు అంటే పసిబిడ్డ, ఎష్టు అంటే ఎంత. ఊట అంటే భోజనం. మన ఆవకాయ ఊట అనుకునేరు! హోటలువాడిని "మగుకి బిసినీరు" అని అడిగితే చాలు, ఫ్లాస్కు కడిగి మరీ నింపి ఇచ్చాడు. బస్టాండులో బొరుగులతో చేసిన వగ్గరణి, మిరపకాయ బజ్జి అమ్ముతారు. మన రాయలసీమ ఉగ్గానికి అక్కచెల్లెలనుకోండి. పెద్దవాళ్ళకి బాగుంటుంది గానీ పిల్లలకి కారం.

దారిలో తుంగభద్ర ఆనకట్ట కనిపిస్తుంది. 1945లో పని మొదలుపెట్టి, 1953లో నీళ్ళు వదిలారు. అప్పట్లో కుడిగట్టు మద్రాసు రాష్ట్రంవాళ్ళది, ఎడమగట్టు నిజాంగారి హైదరాబాదువాళ్ళది. ఇద్దరూ కలిసి కట్టారు. మొత్తం 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి పందొమ్మిదో గేటు కొట్టుకుపోయిన సంగతి మీరూ పేపర్లలో చదివే ఉంటారు. ఆ వారం రోజులూ క్యాంపుల్లో ఎవరూ సరిగా అన్నం తినలేదని అక్క చెప్పింది. నీళ్ళు నదిలోకి పోతుంటే నాట్లు వేసిన చేలు ఏంకావాలి? మన తెలుగాయన, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు వచ్చి, పారే నీళ్ళలోనే ఉక్కు పలకలు ఒకదానిమీద ఒకటి దించి ఆపించారు. ఆయన పేరు చెబితే ఆ ఊళ్ళలో ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెడతారు.

మన బాపట్ల వడ్లు, వాళ్ళ నేల

గంగావతి దాటగానే నాకు మన డెల్టాలోనే ఉన్నానా అనిపించింది. కాలవలు, గట్లు, కోతకొచ్చిన వరి, రామాలయం మైకులో తెలుగు పాట, ఇంటిముందు ముగ్గు. గంగావతిని కర్ణాటక వడ్లగాదె అంటారు. అక్కడ పండే సోనామసూరి బియ్యానికి మంచి పేరు. వాళ్ళు ఎక్కువగా వేసే బి.పి.టి. రకాలు ఎక్కడివనుకున్నారు? బి.పి.టి. అంటే మన బాపట్లే! 5204 రకం బాపట్ల వరి పరిశోధనా కేంద్రంలో తయారయి 1986లో విడుదలయింది. మనుషులు ముందు వెళ్ళారు, విత్తనం వెనకాల వెళ్ళింది.

ఇక్కడ ఎకరం అమ్ముకుంటే అక్కడ అయిదారెకరాలు వచ్చేదట. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన అరకొర పొలంతో బతకలేక చాలామంది అలా వెళ్ళారు. వెళ్ళాక సుఖపడింది మాత్రం పిల్లల కాలంలోనే. నల్లరేగడి చదునుచేసి మళ్ళు కట్టడం, తుమ్మలు కొట్టడం, చలిజ్వరాలు, పాములు - మొదటి పదేళ్ళూ ఇదే కథ.

ఇంకో సంగతి కూడా అత్తయ్యగారే చెప్పారు. "మనం కష్టపడ్డాం అని చెప్పుకుంటాం. నిజమే. కాని జొన్నలూ వేరుశనగా పండించుకునే నేలని వాళ్ళు అమ్మారు కాబట్టి మనకి దొరికింది. అమ్మినవాళ్ళలో కొందరు మన పొలాల్లోనే కూలికొచ్చారు. ఆ మాట మర్చిపోతే కళ్ళు పోతాయి" అన్నారు. అసలు ఈ కాలవ కింద ఎక్కువభాగం ఆరుతడి పంటలకే అని మొదట అనుకున్నారు. పైనున్నవాళ్ళంతా వరి వెయ్యడంతో చివరన మాన్వి, రాయచూరు వైపు రైతులకి నీరు అందడం కష్టమయింది. ఏటా ఆ తగువు ఉంటూనే ఉంది. సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీల క్యాంపులూ ఉన్నాయి. ఒక కాలవ నీళ్ళు ఎన్ని భాషలవాళ్ళకి అన్నం పెడుతున్నాయో చూడండి.

తాతమ్మ ఒడి

ఇంక అసలు పని. మేము గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తయ్యగారు తలంటుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వసారాలో మంచంమీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ చాచి "రా తల్లీ" అన్నారు. మాది ఆ తెల్లజుట్టూ, రెండువైపులా ముక్కుపుడకలూ చూసి ఒక్క కేక పెట్టి నా మెడ పట్టుకుంది. సున్నుండ చూపించినా లేదు, గాజులు ఊపినా లేదు. ఆ రోజంతా అంతే, మర్నాడూ అంతే. ఆవిడ గదిలోకి వస్తే ఇది ఏడుపు. నేనున్నది నాలుగు రోజులు. "పోనీలే, దూరంనుంచి చూస్తున్నాగా" అన్నారు గానీ ఆవిడ మొహం చూడలేకపోయాను.

రెండోరోజు రాత్రి పిల్లకి విరేచనాలు పట్టుకున్నాయి. నీటి మార్పు. అర్ధరాత్రికి అయిదుసార్లయింది. మా బావ కారు తీస్తానన్నాడు. అత్తయ్యగారు కర్ర పట్టుకుని లేచి వచ్చి పిల్ల పక్కన కూర్చున్నారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలిపి, చెంచాతో నిమిషానికి ఒకటి చొప్పున పట్టించడం మొదలుపెట్టాము. ఒకేసారి గ్లాసుతో పడితే కక్కేస్తుంది, చెంచాతోనే ఓపిగ్గా పట్టాలి. నాలిక తడిగా ఉందా, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా, ఉచ్చ పోస్తోందా - ఈ మూడూ చూస్తూ ఉండాలి. మూడింటికి ఆ చెంచా అత్తయ్యగారి చేతిలోకి వెళ్ళింది. నీరసానికి మాది ఆవిడ చేతిని తోసెయ్యలేదు. తెల్లవారేసరికి ఆవిడ తొడమీద తలపెట్టి నిద్రపోతోంది.

ఆ తెల్లవారుజామునే ఆవిడ ఎప్పుడూ చెప్పని మాట చెప్పారు. ఆవిడకి రెండో కాన్పులో ఆడపిల్ల. ఇదే ఈడు. ఒక శ్రావణమాసంలో ఇలాగే విరేచనాలు పట్టుకుంటే బండి కట్టుకుని గంగావతి బయలుదేరారు. వానకి రేగడి బురదలో బండి ఇరుసుదాకా దిగబడింది. ఎడ్లు లాగలేకపోయాయి. పిల్ల దారిలోనే పోయింది. "అప్పుడు నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి పట్టమని నాకెవరూ చెప్పలేదమ్మా. నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతుందనేవారు" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు నోట మాట రాలేదు.

ఉదయం గంగావతి డాక్టరు దగ్గరికి ఇరవై నిమిషాల్లో వెళ్ళాము. ఒంట్లో నీరు తగ్గలేదు, రాత్రి బాగా పట్టించారు అని జింకు మందు రాసి పంపించారు. సాయంత్రానికి మాది పెరుగన్నం తింది. ఆ తర్వాత తాతమ్మని వదలలేదు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా చతికిలబడి గుప్పెళ్ళతో నేలమీద పోసేది. "పొయ్యనీ, గంగావతిలో బియ్యానికేం కరువు" అని ఆవిడ మురిసిపోవడం!

ఆవిడ నన్ను అడిగినవన్నీ చేబ్రోలు సంగతులే. బ్రహ్మగుడి కోనేట్లో నీళ్ళున్నాయా? భీమేశ్వరుడి గుడి ముందు తిరణాల జరుగుతోందా? వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు కట్టించిన ఆ బ్రహ్మగుడి మెట్లమీద చిన్నప్పుడు అచ్చనగాయలు ఆడేవారట. ఆవిడ మనవలకి ఆ పేర్లు తెలియవు. వాళ్ళు కన్నడంలో చదివి బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. "నేను పోయాక ఈ రాకపోకలు ఉంటాయంటావా?" అని అడిగారు. "ఉంటాయి అత్తయ్యా" అని ఊరికే అనడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే మా బావగారబ్బాయి చేత అక్కడికక్కడే ఫోను చేయించి, వేసవి సెలవుల్లో భార్యాబిడ్డలతో చేబ్రోలు వచ్చి వారం ఉండేట్టు ఒప్పించాను. గుంటూరు టికెట్లు చెయ్యించేదాకా వదలనని చెప్పాను.

బయలుదేరేరోజు అత్తయ్యగారు ఒక వెండి ఉగ్గుగిన్నె తెచ్చి పిల్ల చేతిలో పెట్టారు. చేబ్రోలు నుంచి 1966లో ఆవిడతో వచ్చిన గిన్నె అది. ఎవరిదో నేను అడగలేదు.

మీరూ వెళ్తే

రెండురోజులు ఎక్కువ చేతిలో ఉంటే ఆనెగొంది, పంపా సరోవరం, అంజనాద్రి దగ్గరే. అంజనాద్రికి 575 మెట్లు. చంటిపిల్లని ఎత్తుకుని ఎక్కడం కష్టం. నేను కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాను. ఎండాకాలం అక్కడ బండరాళ్ళ వేడి ఎక్కువ, కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. జొన్నరొట్టె పాలలో నానబెట్టి మెత్తగా మెదిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. నీళ్ళు మాత్రం ఎవరింట్లోనయినా సరే, కాచినవే పట్టండి. చుట్టాలు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

ముఖ్యంగా పిల్లలు కొత్తవాళ్ళ దగ్గరకి వెళ్ళాలంటే రెండుమూడు రోజులు పడుతుంది. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేస్తే పెద్దవాళ్ళకి మిగిలేది ఆ ఏడుపే. నాలుగురోజులు ఉండేట్టు వెళ్ళండి. సంచీ మీద బరువు తగ్గించుకుని, రోజుల్లో ఎక్కువ పెట్టుకోండి.